అటక మీది అట్టపెట్టెకు ఒక చిరునామా కావాలి

పురపాలక పారిశుద్ధ్య విభాగాల అధికారులకు,

నమస్కారం.

మా ఇంటి అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. ఎప్పుడో మిక్సీ కొన్నప్పుడు వచ్చిన పెట్టె. ఇప్పుడు దాని నిండా మాడిపోయిన బల్బులే. తొమ్మిది సీఎఫ్‌ఎల్‌లు, ఆరేడు ఎల్‌ఈడీలు, చిన్న హాలోజన్ దీపాలు రెండు, ఎప్పటిదో గుర్తులేని గుండ్రటి ఫిలమెంట్ బల్బు ఒకటి. ట్యూబ్‌లైట్లు పెట్టెలో పట్టవు కాబట్టి నాలుగింటిని పాత దుప్పటిలో చుట్టి, తాడు కట్టి, పక్కనే గోడకి ఆనించాను. ఇంటికొచ్చినవాళ్లు అటు చూస్తే "ఇవెందుకు దాచుకున్నారు?" అని నవ్వుతారు. దాచుకోలేదు. ఎక్కడ పారెయ్యాలో తెలియక ఉండిపోయాయి.

ఈ పెట్టె మొదలవడానికి ఒక కారణం ఉంది. అది చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట వంటింట్లో గాజు గ్లాసు పగిలింది. ముక్కలన్నీ ఊడ్చి, ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి ముడేసి, మిగతా చెత్తతో పాటు బుట్టలో పడేశాను. జాగ్రత్తగానే చేశానని కూడా అనుకున్నాను. మర్నాడు పొద్దున చెత్త తీసుకెళ్లే ఆవిడ బుట్టని ఒక చేత్తో ఎత్తి, రెండో చెయ్యి అడుగున పెట్టి, బండిలోకి వంపింది. కవరు బుట్ట అంచుకి తట్టుకుని ఆగిపోతే చేత్తో లాగింది. అరవలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది, అంతే. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా ఒక గీత. ముందు తెల్లగా కనిపించింది, ఆ తర్వాత ఎర్రగా నిండింది. నేను లోపలికి పరిగెత్తి దూదీ మందూ తెచ్చేలోపు ఆవిడే తన తుండుగుడ్డ చుట్టేసుకుంది. "గాజు ఉంటే ఒక్క మాట చెప్పండమ్మా, విడిగా ఇచ్చినా పట్టుకుపోతాం," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. నాలుగు కుట్లు పడ్డాయి, టెటనస్ ఇంజెక్షన్ చేశారు, వారం పాటు పనికి రాలేదు.

నేను చదువుకున్నదాన్నే. పలచటి కవరు గాజు ముక్కని ఆపదని ఆ రోజు ఒక్క క్షణం ఆలోచించినా తట్టేది. ఆలోచించలేదు. ఎవరూ చెప్పలేదు అనడం సాకు కిందికే వస్తుంది గానీ, అది నిజం కూడా. మీరు పంచిన కరపత్రాలు ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఒక బుట్టలో. బొమ్మలు కూడా వేశారు. గాజు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. గాజు తడి కాదు కాబట్టి పొడి అనుకోవాలి. అలా అనుకుని కరపత్రంలో ఉన్నట్టే పాటిస్తే పగిలిన గ్లాసు వెళ్లి కాగితాల మధ్యలో పడుతుంది. అంటే రేపు ఆ కాగితాలు ఏరే చేతుల మధ్యలో.

అందుకే ఈ లేఖ. నిందించడానికి రాయడం లేదు. చెత్త వేరుచేసి ఇవ్వమని అడిగే హక్కు మీకు ఉంది, ఇవ్వాల్సిన బాధ్యత మాకు ఉంది. అయితే వేరుచేసింది ఎక్కడ ఇవ్వాలో చెప్పకపోతే ఆ వేరుచేయడం అటక మీదే ఆగిపోతుంది.

ముందు గాజు సంగతి. ఇది చెత్తే కాదని నా వాదన. గాజంటే ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిలో కరిగించిన వస్తువు. దాన్ని మళ్లీ కరిగిస్తే మళ్లీ అదే గాజు. కాగితాన్ని తిరగదోడినప్పుడల్లా దాని నార పొట్టిదవుతుంది, ప్లాస్టిక్ నాణ్యత తగ్గుతుంది. సీసా మాత్రం ఎన్నిసార్లు కరిగినా సీసాగానే తిరిగొస్తుంది. కొలిమిలో పాత గాజు పెంకు వాటా 10 శాతం పెరిగితే ఇంధన వాడకం దాదాపు 3 శాతం తగ్గుతుంది, ఎందుకంటే ఇసుకని కరిగించడం కన్నా ఒకసారి కరిగిన గాజుని మళ్లీ కరిగించడం తేలిక. ఇంకో లెక్క నాకు మరీ నచ్చింది. ఒక టన్ను పాత గాజు వేస్తే దాదాపు 1.2 టన్నుల ముడిసరుకు మిగులుతుంది. ఒక టన్ను ఒక టన్నుకే కదా సమానం, ఆ పైన 200 కిలోలు ఎక్కడివి అని నేనూ అడిగాను. సోడా, సున్నపురాయి కరిగేటప్పుడు వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. పోయే ఆ బరువే ఈ తేడా. పాత గాజులోంచి అది ఎప్పుడో పోయింది, ఇంకోసారి పోవడానికి ఏం లేదు.

అదే సీసాని మీ డంపింగ్ యార్డులో పడేస్తే అది కుళ్లదు, కరగదు, నీళ్లలో కలవదు. ఊరికే పడి ఉంటుంది. మన మనవళ్ల మనవళ్లు ఆ నేల తవ్వినా పెంకు పెంకులాగే దొరుకుతుంది.

ఇంత మంచి వస్తువుకి ఒక మొండితనం కూడా ఉంది. గాజులన్నీ ఒకటి కావు. మా ఇంట్లో నాకు ఇది తెలిసేదాకా పట్టిన కాలం తలుచుకుంటే సిగ్గేస్తుంది. సీసాలు, జాడీలు ఒక జాతి. ఓవెన్‌లో పెట్టే గట్టి గాజు గిన్నెలు వేరే జాతి. వాటిలో బోరాన్ కలుస్తుంది కాబట్టే వేడికి పగలవు, అందుకే సీసా గాజు కరిగే వేడికి సరిగ్గా కరగవు. కిటికీ అద్దాల పాళ్లు వేరు. ముఖం చూసుకునే అద్దానికి వెనక పూత, రంగు ఉంటాయి. బరువుగా, తళతళలాడే క్రిస్టల్ గ్లాసుల్లో కొన్నిటిలో సీసం ఉంటుంది. సీసా చెయ్యడానికి సీసం పనికిరాదు. ఈ వాక్యం వింతగా ఉంది గానీ నిజమే. ఇక పింగాణీ కప్పు అసలు గాజే కాదు. అది కొలిమిలో కరగదు. వేరుశనగ గింజంత పింగాణీ ముక్క సీసాల పెంకుల్లోకి వెళ్తే కొత్త సీసా గోడలో రాయిలా ఇరుక్కుంటుంది. ఆ సీసా అక్కడే బలహీనపడుతుంది, లోపల ఒత్తిడి పెరిగితే అక్కడే పగులుతుంది.

కాబట్టి "గాజంతా ఒక బుట్టలో వెయ్యండి" అని మీరు రేపు ప్రకటిస్తే అదీ తప్పే అవుతుంది. సీసాలూ జాడీలే ఒక చోట అని చెప్పండి. పగిలిన అద్దం, గట్టి గాజు గిన్నె, పింగాణీ, బల్బు అందులోకి రాకూడదని బొమ్మ వేసి చెప్పండి. వీలైతే తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమ రంగువి వేర్వేరుగా. గోధుమ రంగు కలిసిన పెంకుతో తెల్ల సీసా చెయ్యలేరు. మేము చేసి ఇవ్వాల్సింది పెద్దగా ఏమీ లేదు. మూత తీసి, ఒకసారి నీళ్లతో కడిగి ఇస్తే చాలు. అంటించిన కాగితం గీకుతూ కూర్చోనక్కర్లేదు, అది కొలిమిలో కాలిపోతుంది. ఇంకో మాట, సీసాలని పగలగొట్టి ఇవ్వడం మేలు కాదు. చోటు కలిసొస్తుందని కొందరు పగలగొట్టి సంచిలో నింపుతారు. మరీ చిన్న ముక్కల్లో రంగు ఏరడం, పింగాణీ ఏరడం యంత్రానికి కూడా కష్టం. చివరికి అవి జల్లెడ కిందికి దిగి వృథాగా పోతాయి. మొత్తం సీసా అయితే కడిగి మళ్లీ నింపుకోవడానికి కూడా పనికొస్తుంది. ఆ దారి ఉన్నచోట కరిగించడం కన్నా అదే మంచిదని నా అభిప్రాయం.

పగిలిన గాజు సంగతి వేరు. ఆ రోజు తర్వాత నేను చేస్తున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మీ కరపత్రంలో పెట్టుకుంటే సంతోషం, నా పేరు అక్కర్లేదు. ముందు కాళ్లకి చెప్పులు. తర్వాత పిల్లల్ని గదిలోంచి పంపెయ్యడం. పెద్ద ముక్కల్ని మందపాటి గుడ్డతోనో మడిచిన అట్టతోనో ఎత్తడం. చిన్న ముక్కలు ఊడ్చాక కూడా నూకలాంటివి మిగులుతాయి. గదిలో లైటు ఆపి, టార్చిని నేలకి దాదాపు ఆనించి అడ్డంగా వేస్తే అవి నక్షత్రాల్లా మెరుస్తాయి. పై నుంచి చూస్తే ఏమీ లేదనిపించే నేల మీద పది పన్నెండు కనిపిస్తాయి. వాటిని తడి కాగితంతో అద్ది తీస్తే అంటుకుని వస్తాయి. అన్నీ కలిపి నాలుగైదు పొరల పేపర్లో చుట్టి, పేపర్ని గట్టి అట్టడబ్బాలోనో మూత ఉన్న డబ్బాలోనో పెట్టి, టేపు వేసి మూసెయ్యాలి. కవరు ఎన్ని పొరలున్నా కవరే.

ఇక్కడ మీ నుంచి ఒకటి కావాలి. డబ్బా మీద "గాజు" అని రాస్తే చదవగలిగిన చేతికే అది అందుతుంది. మీ దగ్గర పనిచేసేవాళ్లలో కొందరికి చదువు రాదు, తెల్లవారుజామున చీకట్లో చదువు వచ్చినవాళ్లకీ కనిపించదు. ఎర్ర టేపు అడ్డంగా చుట్టి ఉంటే లోపల కోసుకునే వస్తువు ఉన్నట్టు అని మీరు ఒక గుర్తు ఖాయం చెయ్యండి. పనివాళ్లకీ ఇళ్లకీ ఒకే గుర్తు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. నేను మాత్రం ఎవరి ఉత్తర్వూ లేకుండానే మొదలుపెట్టాను. ఆ ఆవిడకి ఒకసారి చెప్పాను, ఎర్ర టేపు కనిపిస్తే ఇప్పుడు డబ్బాని బండి లోపల పడెయ్యకుండా ముందు కొక్కేనికి తగిలించుకుంటుంది.

ఇక బల్బులు. నా పెట్టె అసలు కథ ఇదే.

ఫిలమెంట్ బల్బుతో గొడవ లేదు. సన్నటి గాజు బుడ్డి, లోపల టంగ్‌స్టన్ తీగ, కాస్త ఆర్గాన్ వాయువు, అడుగున లోహపు మూతి. విషం లేదు. కానీ సీసాల బుట్టలోకి రాదు, ఎందుకంటే గాజుతో పాటు తీగలూ మూతీ వస్తాయి. పేపర్లో చుట్టి మామూలు చెత్తలో వెయ్యొచ్చు. హాలోజన్ కూడా అంతే, దాని గాజు ఇంకా మొండిది. ఈ రెండిటి గురించి ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

ట్యూబ్‌లైటు, సీఎఫ్‌ఎల్ అలాంటివి కావు. వాటిలో పాదరసం ఉంటుంది. ఉండక తప్పదు, పాదరసం ఆవిరిలోంచి కరెంటు వెళ్తేనే కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పుడుతుంది, గొట్టం లోపల పూసిన తెల్ల పొడి దాన్ని మనకి కనిపించే వెలుతురుగా మారుస్తుంది. ఒక సీఎఫ్‌ఎల్‌లో ఉండేది సాధారణంగా 5 మిల్లీగ్రాములకి మించదు, చాలావాటిలో అంతకన్నా తక్కువే. జ్వరం చూసే పాతకాలపు గాజు థర్మామీటర్‌లో అర గ్రాము, అంతకన్నా ఎక్కువే ఉండేది. అంటే వందకి పైగా సీఎఫ్‌ఎల్‌లు ఒక్క థర్మామీటర్‌కి సమానం. ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, మా బంధువుల ఇంట్లో ఒక సీఎఫ్‌ఎల్ పగిలితే ఫోన్‌లో వచ్చిన ఏదో మెసేజ్ చదివి రెండు రోజులు ఇంటికి తాళం వేసుకుని వెళ్లిపోయారు. అంత టెన్షన్ అక్కర్లేదు. అలాగని కాళ్లతో తొక్కుతూ ఊడ్చెయ్యడమూ సరికాదు.

పగిలితే చెయ్యాల్సింది ఇది. మనుషులూ పెంపుడు జంతువులూ గది బయటికి రావాలి. ఫ్యాను, ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, గది తలుపు మూసి పది నిమిషాలు వదిలెయ్యాలి. పాదరసం ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు. ముక్కుకి ఏమీ తెలియలేదు కాబట్టి ఏమీ లేదని అనుకోకూడదు. తర్వాత రెండు గట్టి అట్టముక్కలతో ముక్కల్నీ పొడినీ కలిపి ఎత్తాలి. చీపురు వద్దు, అది పొడిని గదంతా పరుస్తుంది, తర్వాత ఆ చీపురే ఇంకో గదిలోకి మోసుకెళ్తుంది. వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, పీల్చిన ఆవిరిని వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. మిగిలిన పొడిని వెడల్పాటి టేపుతో అద్ది తియ్యాలి, చివర తడి కాగితంతో తుడవాలి. టేపు, కాగితం, అట్టలు, ముక్కలు అన్నీ కలిపి మూత బిగించే గాజు జాడీలో పెట్టడం మేలు, ఎందుకంటే ప్లాస్టిక్ కవర్లోంచి ఆవిరి మెల్లగా బయటికి వస్తుంది. చేతులు కడుక్కోవాలి. కిటికీలు ఇంకొన్ని గంటలు తెరిచే ఉంచాలి.

ఇక్కడిదాకా మేము చేస్తాం. ఆ జాడీని తీసుకుని ఎక్కడికి వెళ్లాలి?

నేను అడిగాను. ఒక కార్యాలయానికి ఫోన్ చేస్తే ఇంకో విభాగం నంబరు ఇచ్చారు. అక్కడ "మామూలు చెత్తలో వేసెయ్యండి మేడమ్" అన్నారు. పాదరసం సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అయితే మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. ఆ గొంతులో నిజాయితీ ఉంది, నాకు నవ్వే వచ్చింది. అప్పటి నుంచీ ఆ బల్బులు నా దగ్గరే ఉన్నాయి.

ఒక ఇంట్లో ఒక బల్బు పగిలితే పెద్ద ప్రమాదం కాదని నేనే చెప్పాను. లక్షల ఇళ్ల బల్బులు ఒకే లారీలోకి, ఒకే యార్డులోకి వెళ్లినప్పుడు లెక్క మారుతుంది. చెత్తని అణిచి నొక్కే మీ లారీలు చూశాను. ఇనుప పలక లోపలికి జరుగుతుంటే ట్యూబ్‌లైట్లు టపటపమని పేలతాయి, వెనక మెట్టు మీద నిలబడ్డ మనిషి ముఖం మీదకి తెల్లటి పొగలాంటి పొడి లేస్తుంది. పిల్లలు దాన్ని చూసి చప్పట్లు కొట్టడం కూడా చూశాను. పాత ట్యూబులో పాదరసం చాలావరకు ఆ పొడిలోనే ఇంకి ఉంటుంది. పలచటి గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

అక్కడితో అయిపోదు. చెత్తని కాల్చినచోట పాదరసం పొగగొట్టంలోంచి గాల్లోకి పోతుంది. పూడ్చినచోట వాన నీటితో దిగి చెరువుల్లోకీ కాలవల్లోకీ చేరుతుంది. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే ఇంకా ప్రమాదకరమైన రూపంలోకి మారుస్తాయి. చిన్న చేప నుంచి పెద్ద చేపకి, పెద్ద చేప నుంచి మనిషికి వెళ్తున్నకొద్దీ అది చిక్కబడుతుంది. జపాన్‌లో మినమాట అనే ఊళ్లో జరిగింది ఈ రకం విషమే. ఒక రసాయనాల కర్మాగారం సముద్రంలోకి వదిలిన నీటితో అక్కడి చేపల్లోకి పాదరసం చేరింది. చేతులు వణికి, మాట తడబడి, చూపు తగ్గి జనం ఆసుపత్రికి రావడం 1956లో అధికారికంగా నమోదైంది. మనుషులకంటే ముందు పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చిపోయాయి. బల్బులకీ ఆ కర్మాగారానికీ పోలిక లేదు, పరిమాణం ఎక్కడా సరితూగదు. కానీ పాదరసం మీద ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. 2013లో కుదిరిన ఆ మినమాట ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. 2023లో జెనీవాలో జరిగిన సమావేశంలో, మామూలు వెలుతురు కోసం వాడే ఫ్లోరోసెంట్ దీపాల తయారీ, ఎగుమతి, దిగుమతులు 2027తో ముగిసిపోవాలని ఆ దేశాలు నిర్ణయించాయి.

"అయితే ఇంకేం, కొన్నాళ్లలో అవే పోతాయి కదా" అని మీలో ఎవరైనా అనొచ్చు. తయారీ ఆగుతుంది. గోడలకి తగిలించి ఉన్నవి ఆగవు. 15,000 గంటలు పనిచేసే ట్యూబ్‌లైటు రోజుకి 6 గంటలు వెలిగితే దాదాపు ఏడేళ్లు ఉంటుంది. పైగా అందరూ ఎల్‌ఈడీకి మారుతున్నారు కాబట్టి బాగా వెలుగుతున్నవి కూడా పీకి పడేస్తున్నారు. నా ఊహ తప్పైతే సంతోషిస్తాను, కానీ పాత ట్యూబులు అన్నిటికన్నా ఎక్కువగా చెత్తలోకి వచ్చేది ఈ కొన్నేళ్లలోనే. ఇప్పుడు ఏర్పాటు చెయ్యకపోతే తర్వాత చేసినా ఏరుకోవడానికి ఏమీ మిగలదు, అప్పటికే అన్నీ నేలలో ఉంటాయి.

వాటిని తీసుకుని ఏం చేస్తారంటే, అది కొత్త విద్యేమీ కాదు. మూసి ఉన్న యంత్రంలో గొట్టం రెండు చివర్లూ కోసి, లోపలి పొడిని గాలితో ఊది బయటికి తీస్తారు. పొడిని వేడిచేస్తే పాదరసం ఆవిరై, చల్లబరిచాక మళ్లీ ద్రవంగా దొరుకుతుంది. గాజు, అల్యూమినియం మూతులు విడిగా వస్తాయి. పొడిలో ఇట్రియం, యూరోపియం లాంటి అరుదైన లోహాలు కూడా ఉంటాయి. ఇదంతా జరగాలంటే గొట్టం ఆ యంత్రం దాకా పగలకుండా చేరాలి. మొత్తం కష్టం అక్కడే ఉంది.

అందుకని నేను అడిగేది ఇంటింటికీ ప్రత్యేక బండి కాదు. బల్బులు అమ్మేచోటే పాత బల్బులు తీసుకునే ఏర్పాటు చేయించండి. జనం కొత్త ట్యూబు కొనడానికి ఎలాగూ అక్కడికే వెళ్తారు. కొత్తదాని అట్టగొట్టంలోనే పాతది పెట్టి తీసుకెళ్లొచ్చు, దానికన్నా మంచి ప్యాకింగు ఇంకోటి లేదు. అక్కడ ట్యూబులకి నిలువుగా ఒక పొడవాటి పెట్టె, సీఎఫ్‌ఎల్‌లకి మూత ఉన్న ఒక డ్రమ్ము ఉంటే సరిపోతుంది. పగిలినవి తెచ్చే జాడీలకి ఒక చిన్న అర. నిండినప్పుడు మీ వాహనం వచ్చి తీసుకెళ్లాలి, నొక్కే లారీ కాకుండా. టేపుతోనో తాడుతోనో కలిపి కట్టలు కట్టి ఇవ్వొద్దని కూడా రాయండి. జనం మంచి ఉద్దేశంతోనే అలా కడతారు, విప్పేటప్పుడు ఒకటి కాకపోతే ఒకటి పగులుతుంది. నేనే నాలుగింటిని అలా కట్టి కూర్చున్నాను, విప్పాలంటే ఇప్పుడు భయంగా ఉంది.

ఏ బల్బు ఏదో ఎలా తెలుస్తుందని అడిగేవాళ్లకి కూడా ఒక గుర్తు ఉంది. పాదరసం ఉన్న దీపాల మీద చాలావాటికి చిన్నగా హెచ్, జీ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలు గుండ్రటి గీతలో కనిపిస్తాయి. రసాయన శాస్త్రంలో అది పాదరసం గుర్తు. చక్రాల చెత్తబుట్ట మీద ఇంటూ గీత వేసి ఉంటే మామూలు చెత్తలో వెయ్యకూడదని అర్థం. ఈ రెండు గుర్తులూ కళ్లజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్నగా వేసే తయారీదారుల మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది, దానికి వేరే లేఖ రాస్తాను.

ఎల్‌ఈడీలో పాదరసం లేదు. అందుకని చాలామంది దాన్ని నిశ్చింతగా చెత్తలో పడేస్తున్నారు. నా పెట్టెలోవి ఒకటి విప్పి చూశాను. పైన తెల్లటి బుర్ర చాలావరకు గాజు కూడా కాదు, ప్లాస్టిక్. కింద వేడి లాగడానికి అల్యూమినియం, లోపల ఒక చిన్న సర్క్యూట్, దాని మీద కెపాసిటర్లు. పసుపు చుక్కల్లాంటి చిప్పులు చాలావరకు బాగానే ఉన్నాయి, చచ్చింది సర్క్యూటే అనిపించింది. అంటే అది బల్బు కన్నా పాత సెల్‌ఫోనుకి దగ్గర చుట్టం. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోటికి వెళ్లాలి. మీరు పాత ఫోన్లకీ ఛార్జర్లకీ ఎక్కడైనా పెట్టె పెట్టి ఉంటే దాని మీద ఎల్‌ఈడీ బల్బు బొమ్మ ఒకటి అంటించండి. ట్యూబ్‌లైటు పట్టీల్లో ఉండే పాత చోకులు కూడా అందులోకే.

డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్న మీరు లేవనెత్తుతారని తెలుసు. అమ్మినవాళ్లదీ తయారుచేసినవాళ్లదీ అందులో వాటా ఉండాలని నా అభిప్రాయం. చాలా దేశాల చట్టాలు ఇప్పటికే అలా చెప్తున్నాయి. ఆ బేరం మీరూ వాళ్లూ కూర్చుని తేల్చుకోండి. అది తేలేదాకా డ్రమ్ము పెట్టడం మాత్రం ఆపకండి.

చేతి తొడుగుల సంగతి రాయకుండా ముగించలేను. మీ పనివాళ్లకి ఇచ్చే పలచటి రబ్బరు తొడుగులు తడి నుంచి కాపాడతాయి, గాజు నుంచి కాపాడవు. కోతని ఆపే మందపాటి తొడుగులు వేరే ఉంటాయి, అవి ఇవ్వండి. ఇచ్చి, వేసుకుని పని చెయ్యడానికి వీలుగా ఉన్నాయో లేదో వాళ్లనే అడగండి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. ఆవిడ చేతి మీద గీత ఇప్పటికీ ఉంది. బుట్ట అందుకున్నప్పుడల్లా నాకు కనిపిస్తుంది. ఆవిడ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నా పెట్టె మీద స్కెచ్ పెన్నుతో రాసి పెట్టాను, తొమ్మిది సీఎఫ్‌ఎల్‌లు, నాలుగు ట్యూబులు, పాదరసం ఉంది, పగలలేదు అని. ఎర్ర టేపు కూడా చుట్టాను. ఎక్కడికి తీసుకురావాలో, ఏ రోజు, ఎన్ని గంటలకి తెరిచి ఉంటుందో ప్రకటించండి. ట్యూబుల్ని అటక మీద నుంచి దించడానికి ఇంకో మనిషి కావాలి, మా అబ్బాయి ఆదివారాలు ఖాళీగానే ఉంటాడు.

ఇట్లు,
చెత్త బుట్ట రోజూ బయట పెట్టే ఒక ఇల్లాలు